తాడుకు రెండో కొస

చలికాలం వెళ్ళిన మొదటి ఆదివారం పొద్దున్నే అక్క మంచం కిందికి దూరి పరుగు బూట్లు బయటికి లాగింది. మూడు నెలల దుమ్ము. ఒక బూటులో సాలీడు ఎంచక్కా కాపురం పెట్టేసింది. దాన్ని కిటికీలోంచి సాగనంపి, రెండో బూటులో చెయ్యి పెడితే తాడు తగిలింది. తెల్లటి నూలుతాడు, మూరెడు పొడవు, రెండు కొసలా చెయ్యి దూరేంత ముడులు. ఆసుపత్రిలో మాసిన దుప్పట్ల సంచులకి మూతి కట్టే తాడు అది. అక్క పనిచేసేది అక్కడే, బట్టలుతికే విభాగంలో. పదేళ్ళ కిందట ఈ ముక్క జేబులో వేసుకుని ఇంటికొచ్చింది. ఆవిడ జన్మలో చేసిన దొంగతనం ఇదొక్కటే.

"దొరికిందా?" అని గుమ్మంలోంచి చెల్లెలు అడిగింది. అప్పటికే తయారై, జుట్టు బిగించి కట్టి, బూట్లు కూడా వేసుకుని నిలబడి ఉంది.

"దొరక్కేం. నీ తొందర చూస్తే కాలవ ఎవరో ఎత్తుకుపోతున్నట్టుంది."

"మూడు నెలలక్కా! నా కాళ్ళు నన్ను తిడుతున్నాయి."

చెల్లెలికి కళ్ళు కనబడవు. ఇరవై రెండో ఏట ఒక జ్వరం వచ్చి, పోతూ పోతూ చూపు పట్టుకుపోయింది. ఆ తరవాత రెండేళ్ళు ఆ పిల్ల గది దాటలేదు. అమ్మా నాన్నా అప్పటికే లేరు. ఉన్నది పన్నెండేళ్ళు పెద్దదైన ఈ అక్క ఒక్కతే. బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసి మొండికేసింది. ఏదీ పారలేదు. అప్పుడెవరో ఆసుపత్రిలో చెప్పారు, చూపులేనివాళ్ళు పక్కన ఒక మనిషితో, చేతికో తాడుతో పరుగు తీస్తారని. బస్సు కోసం తప్ప ఎన్నడూ పరిగెత్తి ఎరగని అక్క, ముప్పై ఆరేళ్ళ వయసులో రెండు జతల బూట్లు కొనుక్కొచ్చింది. మొదటిరోజు వంద గజాలకే రొప్పుతూ కూలబడితే చెల్లెలు రెండేళ్ళ తరవాత మొదటిసారి నవ్విందట. ఈ కథ అక్క అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా చెబుతుంది. చెల్లెల్ని గదిలోంచి బయటికి లాగింది తనే అన్నది ఆవిడ గర్వం. ఇంకే గర్వమూ లేని మనిషికి ఒక్కటుంటే తప్పేం లేదు.

పరుగు సంఘం మాస్టారు మొదట్లోనే రెండు సూత్రాలు చెప్పారు. పక్కన పరిగెత్తే మనిషి ఎప్పుడూ లాగకూడదు. తాడు ఇద్దరి మధ్యా వదులుగా వేలాడుతూ ఉండాలి. ఇక రెండోది, దారి చెప్పే మనిషి పరిగెత్తే మనిషికంటే ఒక పిసరు ఎక్కువే పరిగెత్తగలగాలి, లేకపోతే తాడు గుంజుకుంటుంది. పదేళ్ళలో తమ తాడు ఒక్కసారి కూడా గుంజుకోలేదన్నది అక్క రెండో గర్వం. సరే, రెండున్నాయనుకుందాం.

దారిలో పిలుపులన్నీ వాళ్ళు సొంతంగా పెట్టుకున్నవే. గట్టు మీద నీళ్ళు నిలిచిన చోటు 'చెరువు'. ఎదురుగా మనిషి వస్తే 'బావగారు'. కుక్క కనబడితే 'అల్లుడు'. "ఎడమ అల్లుడు, ముందు బావగారు!" అని అక్క అరిచినప్పుడల్లా ఎదురొచ్చే పెద్దమనుషులు బిత్తరపోయి పక్కకి తప్పుకునేవాళ్ళు. చెల్లెలి చేతికి మాట్లాడే గడియారం ఉంది. మీట నొక్కితే ఎన్ని నిమిషాలైందో ఒక ఆడగొంతు చప్పగా చెబుతుంది. క్షణం ఆలస్యమైనా ఊరుకోదు కాబట్టి దానికి 'అత్తగారు' అని పేరు పెట్టారు.

వాళ్ళ దారి ఎప్పుడూ ఒకటే. కాలవ గట్టు ఇనప గేటు దగ్గర మొదలు. రెండు కిలోమీటర్లకి కాలినడక వంతెన, ఇంకో అర కిలోమీటరు వెళితే ఊరికి నీళ్ళు తోడే పంపుల గది. దాని చుట్టూ తిరిగి వెనక్కి. మొత్తం అయిదు. అయిదు కిలోమీటర్లకి ఇరవై తొమ్మిది నిమిషాలు. ఆరేళ్ళుగా అదే లెక్క, అటూ ఇటూ అరనిమిషం. చలికాలంలో గట్టంతా మంచు గడ్డకట్టి అడుగు పెడితే జారుతుంది గనక మూడు నెలలు సెలవు. మంచు కరిగాక మళ్ళీ మొదలు.

ఈసారి ఆ మూడు నెలల్లో ఒకటి జరిగింది. బట్టల విభాగంలో దుప్పటికి చెరో కొస పట్టుకుని మడతపెడుతూ ఉండగా అక్కకి కళ్ళు తిరిగాయి. చేతిలో దుప్పటి జారింది, ఆవిడా జారింది. తోటివాళ్ళు ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూర్చోబెట్టి, పై అంతస్తుకి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించారు. గుండెలో ఒక వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదన్నాడు ఆయన. మందులు రాశాడు. నడవండి, మెట్లు నెమ్మదిగా ఎక్కండి, బరువులెత్తకండి.

"పరుగో?" అంది అక్క.

డాక్టరు కలం పక్కన పెట్టాడు. "పరుగు మాట మరిచిపోండి."

ఆవిడ ఇంటికొచ్చి ఆ మాట తప్ప అన్నీ మరిచిపోయింది. చెల్లెలికి చెప్పలేదు. చెప్పాలనుకున్నప్పుడల్లా ఆ మూసిన గది తలుపు కళ్ళ ముందు కదిలేది. అదీకాక, ఉన్నమాట చెప్పుకోవాలి, తాడుకి రెండో కొసన తన చెయ్యి కాక ఇంకొకరి చెయ్యి ఉండటం ఆవిడ ఊహించుకోలేకపోయింది. ఆ తాడు లేకపోతే తనెవరు? దుప్పట్లు మడతపెట్టే మనిషి, అంతే.

అందుకని మందుబిళ్ళల డబ్బా పోపుల పెట్టె వెనక దాచి, ఆదివారం పొద్దున బూట్లు దులిపింది.

మొదటి కిలోమీటరు ఎలాగో గడిచింది. చెల్లెలు గాలి పీల్చుకుంటూ, ఆఫీసు కబుర్లు చెబుతూ, మధ్యలో కూనిరాగాలు తీస్తూ పరిగెడుతోంది. ఆ పిల్ల నోరు పరుగులో కూడా మూతపడదు. చెల్లెలి ఉద్యోగం నీళ్ళ ఆఫీసులో. కుళాయి రాకపోయినా, బురద వచ్చినా ఊళ్ళోవాళ్ళు ఫోను చేసి తిట్టేది ఈమెనే. "నిన్న ఒకాయన నా చేత క్షమాపణ చెప్పించుకుని, మళ్ళీ ఆయనే నాకు క్షమాపణ చెప్పాడక్కా, కుళాయి తిప్పడం మరిచిపోయాట్ట" అని నవ్వుతోంది. అక్క నవ్వబోయింది. ఊపిరి అందలేదు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి కళ్ళ ముందు నల్లటి చుక్కలు ఆడుతున్నాయి. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంది. ఇంకో అర కిలోమీటరు అటు, అర కిలోమీటరు ఇటు. తన వల్ల కాదు. ఆలోచించి చేసిన పని కాదు అది. నోట్లోంచి వచ్చేసింది.

"తిరుగు. పంపుల గది వచ్చేసింది."

చెల్లెలు తిరిగింది. నాలుగడుగులు వేశాక, "పంపుల చప్పుడు లేదేం?" అంది.

"మరమ్మతులట. ఆపేశారు. బోర్డు పెట్టారు."

చెల్లెలు చెవి రిక్కించి ఇంకో రెండడుగులు వేసింది. తరవాత, "అయ్యో, పాపం" అంది.

గేటు దగ్గర మీట నొక్కితే అత్తగారు ఇరవై ఎనిమిది నిమిషాలంది. చెల్లెలు చప్పట్లు కొట్టింది. "మూడు నెలలు కూర్చుని తిన్నా ఒక నిమిషం తగ్గిందే! మనం మామూలువాళ్ళం కాదక్కా!" అక్క గేటు పట్టుకుని నిలబడి, పైకి చప్పుడు రాకుండా రొప్పింది. చెల్లెలి ముఖంలో ఆ వెలుగు చూశాక నిజం చెప్పడానికి ఇంకెక్కడి నోరు?

అలా మొదలైంది. వారానికి నాలుగు రోజులు, ఆఫీసులకి ముందు. రెండు వారాలకి వంతెన కూడా దూరమైపోయింది. వంతెనకి ఇవతల రాతి బెంచీ దగ్గరే పంపుల గది వచ్చేయడం మొదలుపెట్టింది. మూడో వారానికి అంతకంటే ఇవతల విద్యుత్ స్తంభం దగ్గరికి వచ్చేసింది. చూస్తూండగా పంపుల గది ఇంటివైపు నడిచి వస్తోంది. "ఇంకా బాగుచేయలేదా?" అని చెల్లెలు అడిగేది. "ప్రభుత్వం పని. నీకు తెలీందేముంది" అని అక్క అనేది. చెల్లెలు, "అదీ నిజమే" అని ఊరుకునేది. నిమిషాలు మాత్రం ఎప్పుడూ ఇరవై తొమ్మిదికి అటూ ఇటూ. దారి ఎంత తగ్గిందో అక్క వేగం సరిగ్గా అంతే తగ్గింది మరి. చెల్లెలు ఆ వేగానికి అడుగు కలిపి, కబుర్లు చెప్పుకుంటూ పక్కనే ఉండేది. తాడు వదులుగానే ఉండేది.

శనివారాలు సంఘంవాళ్ళు గేటు దగ్గర కలుస్తారు. వాళ్ళలో ఒకావిడ సిటీ బస్సు డ్రైవరు. రోజంతా సీటులో కూర్చుని నడుం పట్టేస్తోందని పరుగు మొదలుపెట్టి, ఇప్పుడు మగవాళ్ళని కూడా వెనకేసుకుని పరిగెడుతోంది. అందరూ డ్రైవరమ్మ అంటారు. గొంతు విప్పితే వీధి చివర వినబడుతుంది. రహస్యం అనేదానికి ఆ గొంతులో చోటు లేదు. ఒక శనివారం ఆవిడ అక్కని పక్కకి లాగి, తన మట్టుకు తను గుసగుసలాడుతున్నాననుకుని, "వదినా, నీ పెదాలు నీలంగా ఉన్నాయేం?" అంది.

"చలికి."

"చలి పోయి నెల దాటింది."

అక్క ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతాను. గొంతు తగ్గించు."

డ్రైవరమ్మ చెల్లెలివైపు చూసింది. చెల్లెలు కాస్త దూరంలో బూటు తాడు కట్టుకుంటోంది. కట్టిన బూటునే మళ్ళీ కడుతోంది. డ్రైవరమ్మ ఇంకేం అనలేదు. ఆ గొంతు మూతపడటం అదే మొదటిసారేమో.

ఆరో వారంలో, ఒక బుధవారం, స్తంభం దాకా కూడా వెళ్ళలేదు. అక్క కాళ్ళు ఉన్నట్టుండి తనవి కాకుండా పోయాయి. నిలబడిపోయింది. చెల్లెలు ఒక అడుగు ముందుకి వేసింది, తాడు బిగుసుకుంది. పదేళ్ళలో మొదటిసారి. చెల్లెలు చప్పున ఆగి వెనక్కి తిరిగింది.

"ఏమొచ్చింది? అల్లుడా, బావగారా?"

"ఎవరూ రాలేదే. నేనే ఆగాను."

గట్టు పక్క గడ్డిలో కూలబడింది. చెల్లెలు తాడు వెంబడి చెయ్యి జరుపుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. తడి గడ్డి. కాలవలో నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయి. చాలాసేపటికి అక్కకి మాట్లాడేంత ఊపిరి వచ్చింది.

"నీకొక మాట చెప్పాలి. తిట్టుకో, కొట్టు, ఏమైనా చెయ్యి. మనం పంపుల గది దాకా వెళ్ళడంలేదు. మొదటిరోజు నుంచీ వెళ్ళలేదు. పంపులు ఆగలేదే. నేను అబద్ధం చెప్పాను."

చెల్లెలు గడ్డి పరక ఒకటి తెంపింది. తరవాత అంది: "అక్కా, నేనెక్కడ పనిచేస్తాను?"

"నీళ్ళ ఆఫీసులో."

"ఏం పని?"

"ఫోన్లెత్తే పని."

"కాలవ గట్టు పంపులు అరగంట ఆగితే ఊళ్ళో మొదటి తిట్టు ఎవరు తింటారు?"

'నువ్వే' అనబోయి అక్క నాలిక కరుచుకుంది.

"ఆరు వారాలు పంపులాగితే ఈ ఊరు నన్ను ఇంటికొచ్చి కొట్టేదక్కా. అబద్ధమాడటం రాదు నీకు. రానిపని ఎందుకు పెట్టుకున్నావు?"

"తెలిసి మరి... ఎందుకు అడగలేదే?"

"నువ్వు చెప్పలేదుగా. చెబుతావని చూశాను." చెల్లెలు తాడు కొస వేలికి చుట్టుకుంది. "వంటింట్లో గిన్నె తోముతూ రెండుసార్లు ఆగుతున్నావు. మెట్లెక్కి తాళం తీయకుండా నిలబడుతున్నావు. పోపుల పెట్టె వెనక నుంచి ఏదో డబ్బా గలగలమంటుంది. ఆవాల డబ్బా కాదని తెలుసు. ఏమిటో మాత్రం తెలీదు. చెప్పు, ఏమన్నారు?"

అక్క చెప్పింది. వాల్వు, మందులు, డాక్టరు కలం పక్కన పెట్టడం, అన్నీ. చెల్లెలు అక్క ఛాతీ మీద చెవి ఆనించి విన్నది, వింటే బాగవుతుందేమో అన్నట్టు. ఇద్దరూ ఏడ్చారు. ఒక బావగారు ఎదురొచ్చి, చూసి, దూరంగా తప్పుకుపోయాడు. అక్క ఆయన సంగతి చెప్పలేదు.

ఇంటికి నడుస్తూ చెల్లెలు తేల్చేసింది: "అయిపోయింది. ఇంక పరుగు లేదు. ఇద్దరం నడుద్దాం, సాయంత్రాలు, చక్కగా."

"నువ్వెందుకు మానడం? నడపడానికి ఇంకొకరిని చూస్తాను. డ్రైవరమ్మ ఉంది."

"ఆవిడ పక్కన పరిగెడితే నాకు చెవులు కూడా పోతాయి."

"హాస్యాలాడకు."

"హాస్యం కాదు. తాడు నీది. నువ్వు పట్టుకోకపోతే ఎవరూ పట్టుకోనక్కర్లేదు."

ఆ మాటకి అక్కకి ఎంత సంతోషం కలిగిందో చెబితే ఆవిడకే సిగ్గు. దుప్పట్లు మడతపెడుతూ ఆ రోజంతా ఆ మాటే తలుచుకుంది. తాడు నీది. మర్నాడు బూట్లు మంచం కిందికి వెళ్ళిపోయాయి. ఆ తరవాతి సోమవారం నుంచి సాయంత్రాలు ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని కాలవ గట్టున నడిచారు. చెల్లెలు కబుర్లు చెప్పింది. మొదటి రోజు చాలా చెప్పింది, రెండో రోజు కొన్ని చెప్పింది. నాలుగో రోజు ఏమీ చెప్పలేదు. అయిదో రోజు ఆఫీసు నుంచి వచ్చి, తలనొప్పంటూ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

అక్క ఆ తలుపు ముందు నిలబడింది. పన్నెండేళ్ళ కిందటి తలుపు కాదది. వేరే ఇల్లు, వేరే రంగు. అయినా మూసుకున్న చప్పుడు అదే.

తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. "లే. రేపు శనివారం. డ్రైవరమ్మతో మాట్లాడేశాను." మాట్లాడలేదు, కానీ అబద్ధాలాడటం అలవాటైంది.

"నేను వెళ్ళను."

"నాకోసం వెళ్ళు. నువ్వీ గదిలో కూర్చుంటే నేను చేసిందంతా ఎందుకే? గుండె సంగతి డాక్టరు చూసుకుంటాడు. ఈ తలుపు సంగతి నేను చూడలేను, నావల్ల కాదు." చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది. చాలాసేపు తన మణికట్టు తనే రుద్దుకుంది.

"ఒక్కసారి" అంది.

శనివారం పొద్దున గేటు దగ్గర అక్కే తన చేత్తో డ్రైవరమ్మ మణికట్టుకి తాడు తొడిగింది. తొడుగుతూ పాఠం చెప్పింది. నీళ్ళు నిలిస్తే చెరువు. మనిషి వస్తే బావగారు. కుక్కైతే అల్లుడు. లాగకూడదు. వంతెన దాటాక ఎడమకి గుంట ఉంది, పోయినేడాది కంకర పోశారు కానీ నమ్మొద్దు. డ్రైవరమ్మ బుద్ధిగా తలూపి, "అల్లుడికి కరిచే అలవాటుందా?" అంది. చెల్లెలు నవ్వలేదు.

"అక్కా, నువ్విక్కడే ఉంటావుగా?"

"ఎక్కడికి పోతాను? వెళ్ళిరా. పంపులు బాగుచేశారట."

అప్పుడు నవ్వింది చెల్లెలు. మీట నొక్కింది. ఇద్దరూ గట్టు మీద వెళ్ళిపోయారు. తెల్లటి తాడు ఇద్దరి మధ్యా కొంతసేపు కనబడింది, తరవాత కనబడలేదు. డ్రైవరమ్మ గొంతు మాత్రం వినబడుతూనే ఉంది: "కుడి చెరువు! బావగారూ, మిమ్మల్నే, తప్పుకోండి!"

అక్క గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఫోను తీసి టైము చూసుకుంది. ఇరవై తొమ్మిది నిమిషాలు. డ్రైవరమ్మకి దారి కొత్త, కాబట్టి ఇంకో నిమిషం వేసుకోవచ్చు. ఏడవడానికి ఇరవై అయిదు నిమిషాలు, ముఖం కడుక్కోవడానికి నాలుగు. మంచినీళ్ళ సీసా, తువ్వాలు పక్కన పెట్టుకుని, తీరుబడిగా, ఎవరికీ చాటు లేకుండా ఏడవడం మొదలుపెట్టింది.

కుడిచెయ్యి ఊరికే ఉండలేకపోతోంది. ఇప్పుడు స్తంభం దగ్గర ఉంటారు. ఇప్పుడు బెంచీ. ఇప్పుడు వంతెన, గుంట, ఎడమకి గుంట అని చెప్పిందో లేదో. వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. పదేళ్ళ అలవాటు. ఆసుపత్రిలో తీసేసిన కాలు తిమ్మిరెక్కుతోందనే రోగులుంటారని విన్నప్పుడు నమ్మలేదు ఆవిడ.

ఏడుపు ఇంకా ముగియనే లేదు, "అల్లుడు ఎడమ!" అని గొంతు వినబడింది. దగ్గర్లోనే. అక్క ఉలిక్కిపడి లేచింది. ఏమో జరిగింది. పడిందేమో, మధ్యలోంచి తిరిగొచ్చేశారేమో. ముఖమంతా తడి. తువ్వాలు కోసం తడుముకునేలోపే ఇద్దరూ గేటు దాటి వచ్చేశారు. డ్రైవరమ్మ ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. నడుం మీద చేతులు పెట్టుకుని వంగిపోయింది. చెల్లెలు నిటారుగా నిలబడింది. జుట్టు చెదిరి, బుగ్గలు మెరుస్తూ, అక్క ఎన్నడూ ఎరగనంత గట్టిగా ఊపిరి పీలుస్తోంది. పదేళ్ళలో ఆ పిల్ల రొప్పగా ఆవిడ చూడలేదు. పరుగులో కబుర్లు చెప్పేది, కూనిరాగాలు తీసేది. ఇప్పుడు నోట మాట లేదు.

"ఏమైందే? మధ్యలో తిరిగేశారా?"

చెల్లెలు గడియారం మీట నొక్కలేదు. చేత్తో దాన్ని కప్పుకుంది.

"మధ్యలోనా!" డ్రైవరమ్మ నిటారుగా లేచింది, ఊపిరి దొరికినట్టుంది. "పంపుల గదికి చెయ్యి ఆనించి మరీ వచ్చాం. ఇరవై మూడు నిమిషాలు! నా గడియారంలో చూశాను, ఇరవై మూడు! వదినా, ఈ పిల్ల ఎప్పుడూ ఇంతేనా? నన్ను ఈడ్చుకుపోయింది! ఏటేటా జట్టుకి మనుషులు కావాలని సంఘానికి కాగితాలొస్తుంటే మీరు..."

అని అక్క ముఖం చూసి ఆగింది. ఆలస్యంగా ఆగింది.

ఏటేటా కాగితాలొచ్చేవి. నిజమే. చూపులేని ఆడవాళ్ళ జట్టు, పది కిలోమీటర్లు, యాభై నిమిషాలలోపు. మాస్టారు చదివి వినిపించేవారు. "నాకంత వేగం ఎక్కడిదండీ, మా అక్కా నేనూ గంటకి వచ్చే రకం" అని చెల్లెలు నవ్వేసేది. "మనకెందుకులే అవన్నీ" అని అక్క వంతపాడేది. ఆరు కాగితాలు. ఇరవై తొమ్మిదో ఏడు నుంచి ముప్పై నాలుగో ఏడు దాకా.

డ్రైవరమ్మ తాడు విప్పి అక్క చేతిలో పెట్టింది. డ్రైవరమ్మ మణికట్టు చుట్టూ ఎర్రగా వాత తేలి ఉంది, తాడు గుంజుకున్న చోట. అక్క ఆ వాత వైపు చూసింది. తరవాత తన మణికట్టు చూసుకుంది. పదేళ్ళు. ఒక్క గీత లేదు.

చలికాలం తరవాత కాదు. ఈ ఆరు వారాలు కాదు. తను ఆ పిల్లని గదిలోంచి బయటికి లాగాననుకుంది. లాగిన మాట నిజమే. ఆ తరవాత ఇన్నేళ్ళూ అక్క కోసం ఆ పిల్ల కాళ్ళని పట్టి ఉంచుకుంది, తాడు గుంజుకోకుండా, అక్కకి తెలియకుండా, కబుర్లు చెబుతూ. అక్క గుండె ఆ వాల్వు దగ్గర కాదు, ఇంకెక్కడో విరిగింది. ఆ విరగడం ఆవిడకి స్పష్టంగా తెలిసింది.

చెల్లెలు చెయ్యి చాపి గాల్లో తడిమింది. అక్క భుజం దొరికింది. అక్కడి నుంచి బుగ్గ దాకా వచ్చి, తడి తగిలి, ఆ వేళ్ళు ఆగిపోయాయి.

"అక్కా" అంది నెమ్మదిగా. "ఇవాళ గాలి వెనక నుంచి వచ్చింది. గాలే తోసుకొచ్చేసింది మమ్మల్ని. లేకపోతే నాకెక్కడిది అంత వేగం?"

డ్రైవరమ్మ నోరు తెరిచింది. అక్క చెయ్యెత్తి వద్దని సైగ చేసింది.

గట్టు పొడవునా గడ్డి పరకైనా కదలడం లేదు. కాలవలో నీళ్ళ మీద ముడత లేదు. గేటు మీద ఎవరో ఆరేసి మరిచిపోయిన జేబురుమాలు తిన్నగా వేలాడుతోంది.

"అవునే" అంది అక్క. "ఇక్కడ కూడా ఒకటే గాలి. పొద్దుటి నుంచీ."

"కదూ?"

"తువ్వాలు కూడా ఎగిరిపోతుంటే పట్టుకు కూర్చున్నాను."

తాడు చెమటకి తడిసి బరువుగా ఉంది. అక్క దాన్ని జాగ్రత్తగా చుట్టి జేబులో పెట్టుకుంది. ఉతికి ఆరేస్తే సోమవారానికి డ్రైవరమ్మకి అందుతుంది.